మూసిన దారి తెరుచుకున్న రోజు

2002 నవంబర్ 13. బోస్టన్. బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి. మధ్యాహ్నం నుంచే ఈమెయిల్ ఈడుస్తోంది. కాసేపటికి ల్యాబ్ రిపోర్టు కోసం మీట నొక్కితే తెర కదల్లేదు. మళ్లీ నొక్కారు. ఊహూఁ.

కంప్యూటర్ విభాగం పెద్ద జాన్ హలమ్కా స్వయానా ఎమర్జెన్సీ డాక్టరు. ఈసారి పడిపోయింది నెట్‌వర్కు. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు.

ఒక పరిశోధకుడు ఫైళ్లు వెతికి తెచ్చే కొత్త సాఫ్ట్‌వేర్‌ని నడిపి చూస్తున్నాడు. అది చుట్టుపక్కల కంప్యూటర్లన్నీ తడిమి, దొరికిన డేటానల్లా తోడిపోస్తూ, నడిమధ్య స్విచ్‌ని ఊపిరాడకుండా ముంచేసి, మిగతా స్విచ్‌లకి పలకలేని స్థితికి తెచ్చేసరికి, ఆ స్విచ్ చచ్చిపోయిందనుకుని రెండో స్విచ్ దాని పని తన నెత్తినేసుకుంది. మొదటిది చావలేదు.

ఇద్దరు పెత్తందార్లు. లూప్ పడింది.

స్విచ్‌ల మధ్య రెండు దారులుంటే ఒకదాన్ని మూసిపెట్టే ప్రోటోకాల్ స్పానింగ్ ట్రీ. 1985లో డీఈసీ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ తయారుచేసింది. మూసిన దారి తెరుచుకుంటే ఇక అంతే. ఈథర్‌నెట్ ఫ్రేముకి, అంటే డేటా మూటకి, ఆయుష్షు లెక్క లేదు, తిరుగుతూనే ఉంటుంది. అందరికీ పోయే బ్రాడ్‌కాస్ట్ అయితే పిల్లల్ని పెడుతూ తిరుగుతుంది. పైగా ఏడు స్విచ్‌ల వరస దాటొద్దని స్పానింగ్ ట్రీ లెక్క. ఏళ్ల తరబడి తీగకి తీగ తగిలిస్తూ పోయిన ఆసుపత్రి ఆ గీత ఎప్పుడో దాటేసింది. ఎవరూ చూసుకోలేదు.

సిస్కో ఇంజనీర్లు దిగారు. సామాను విమానమెక్కి వచ్చింది. అయినా నెట్‌వర్కు లేవడం, కూలడం. చివరికి హలమ్కా తేల్చేశాడు: కంప్యూటర్లు వద్దు, కాగితం తీయండి. ల్యాబ్ ఫలితాలు పట్టుకుని మనుషులు కారిడార్లలో పరుగులు తీశారు. చేత్తో ఆర్డర్లు రాయడమే ఎరగని కుర్ర డాక్టర్లకి పెద్దవాళ్లు దగ్గరుండి నేర్పారు. ఇలా నాలుగు రోజులు.

ఆసుపత్రి రౌటర్లు పెట్టి నెట్‌వర్కుని ముక్కలు చేసుకుంది. ఈలోగా సంగతి పెర్ల్‌మన్ చెవిన పడింది.

2004లో ఆమె కొత్త పద్ధతి ప్రకటించింది. 2011లో అది ట్రిల్ పేరుతో ప్రమాణమైంది. దారులన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఫ్రేముకి కొత్త తొడుగు, అందులో 63కి మించని అడుగుల లెక్క. సున్నా అయితే ఫ్రేము చెత్తబుట్టకే. సమస్య తీరిందనుకున్నారు.

తొడుగు దగ్గరే చిక్కు. పాత స్విచ్ చిప్‌లకి అది చదవడం రాదు, కొత్తవి కొనాలి. బ్రాడ్‌కాస్ట్ ఇప్పటికీ చెట్టు పట్టుకునే పోవాలి. వదిలించుకుందామనుకున్న చెట్టే! అసలు గండం అంచున ఉంది. పాత స్విచ్‌ల గుంపేదైనా రెండు ట్రిల్ స్విచ్‌లకి తగిలితే, ఒక్కో వీలాన్‌కి (నెట్‌వర్కులో విడదీసిన ఒక్కో భాగానికి) ఒక్కటే ఫ్రేములు దాటించాలి, రెండోది నోరు మూసుకోవాలి. అంటే ఇన్ని దారులున్నా అక్కడ మళ్లీ ఒక్కటే. ఇద్దరూ నోరు తెరిస్తే లూపే, ఎందుకంటే గుంపులోకి దిగిన ఫ్రేము తొడుగు విప్పేసి ఉంటుంది. దాంతోపాటే అడుగుల లెక్కా పోయి ఉంటుంది.