గులాబీ రంగు పురుగు సంతతిని నిర్ణయించేది ఉష్ణోగ్రతే

పత్తి రైతును దశాబ్దాలుగా వేధిస్తున్న గులాబీ రంగు పురుగును శాస్త్రలోకం మొదట గుర్తించింది గుజరాత్ నమూనాలతోనే. సూరత్‌కు ఉత్తరాన ఉన్న భరూచ్ పత్తిలో దొరికిన ఈ కీటకాన్ని 1843లో సాండర్స్ వర్ణించారు. వాణిజ్య సాగుకు వచ్చిన ప్రపంచపు తొలి సంకర పత్తి హెచ్-4 కూడా 1970లో సూరత్ పరిశోధన కేంద్రం నుంచే వెలువడింది. పంటకూ, పురుగుకూ ఒకే గడ్డపై చరిత్ర ఉండటం విచిత్రమే.

కీటకం ఎదుగుదల పరిసరాల వేడిమిపై ఆధారపడుతుంది. సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో ఈ పురుగు ఎదుగుదల దాదాపు నిలిచిపోతుంది. 27 నుంచి 30 డిగ్రీల మధ్య గుడ్డు నుంచి రెక్కల పురుగు వరకు నెల రోజులు చాలు. తల్లి పురుగు బయటికి వచ్చిన రెండు మూడు రాత్రుల్లోనే జతకట్టి, వందకు పైగా గుడ్లు పెట్టగలదు. వేడిమి 35 డిగ్రీలు దాటి కొనసాగితే మాత్రం ఈ సంఖ్య తగ్గుతుంది.

శాస్త్రవేత్తలు రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు నుంచి 13 తీసివేసి, మిగిలిన దానిని కూడుతూ తర్వాతి తరం రాకను అంచనా వేస్తారు. సూరత్‌లో జనవరిలో పగలు 31, రాత్రి 15 డిగ్రీలు ఉంటే సగటు 23. అంటే చలికాలంలోనూ పురుగుకు రోజుకు 10 డిగ్రీలు దక్కుతున్నట్లే. ఉత్తరాది చలి ఇక్కడ రక్షణగా రాదు.

పగటి సమయం తగ్గి, రాత్రులు చల్లబడినప్పుడు ఎదిగిన గొంగళి పురుగుల్లో కొన్ని గింజల్లోనే సుప్తావస్థలోకి జారుకుంటాయి. మిగిలినవి, చేలో కాయలున్నంత కాలం, తరాలు పెంచుతూనే ఉంటాయి. కాలువ నీటితో పత్తిని ఫిబ్రవరి, మార్చి దాకా నిలిపే రైతు తెలియకుండానే వాటికి మేత పెడుతున్నాడు. నిద్రించినవి వేసవి వేడికి, తొలకరి తేమకు మేల్కొంటాయి. అప్పటికి చేలో మొగ్గ లేకపోతే ఆ పురుగుల సంతతి ఆకలితో నశిస్తుంది. మే నెలలోనే విత్తిన చేలు ఉంటే బతికిపోతుంది.

2009 పంటకాలంలో బీటీ పత్తిలోని క్రై1ఏసీ విషాన్ని తట్టుకున్న పురుగులు అమ్రేలీ, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో బయటపడ్డాయి. తర్వాత రెండు జన్యువుల పత్తికీ అదే గతి పట్టింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులకు ఇది తెలిసిన కథే. గొంగళి పురుగు కాయలోకి చొరబడిన తర్వాత మందు దానికి చేరదు కనుక కాలాన్ని పట్టుకోవడమే ముఖ్యం. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి పురుగులు పడినా, పదింట ఒక పువ్వు విచ్చుకోని గుడ్డిపువ్వుగా కనిపించినా చర్యలు మొదలుపెట్టాలి. డిసెంబరు ముగిసేలోగా పంట తీసి, మోళ్లను తొలగించాలి. జిన్నింగు మిల్లుల వద్ద నిల్వ ఉన్న గింజలనూ వదలరాదు.