ఇరుసు కందెన నుండి గేరునూనె వరకు

2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లాగా ఏర్పడేవరకు మెదక్ జిల్లాలో భాగంగా ఉన్న సిద్దిపేట ప్రాంతంలో, లారీలూ ట్రాక్టర్లూ రాకముందు పంటను అంగడికి చేర్చినది ఎడ్లబండి. ఆ బండి బరువంతా ఇరుసు మీద నిలిచేది. ఇరుసు కొన చుట్టూ చక్రం తిరిగేటప్పుడు పుట్టే రాపిడిని తగ్గించడానికి పూసే జిడ్డునే కందెన అంటారు.

కందెనకు మూలం ఆముదం. గింజలను వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను తేర్చుకుంటే వంటాముదం వచ్చేది. అందులో వరిగడ్డి కాల్చిన మసిని కలిపితే నూనె కారిపోకుండా చిక్కబడేది. బండివాడు ఆ ముద్దను వెదురు గొట్టంలో నింపి బండికి వేలాడగట్టుకొని, ప్రయాణానికి ముందు చీల ఊడదీసి, చక్రాన్ని కాస్త బయటికి జరిపి, పుల్లతో ఇరుసుకు పట్టించి, తిరిగి చీల బిగించేవాడు.

ఆముదపు కొవ్వు ఆమ్లాలలో పదింట తొమ్మిది పాళ్ల వరకు రిసినోలిక్ ఆమ్లమే ఉండటం వల్ల దానికి ఇతర నూనెలకు లేని చిక్కదనం అబ్బింది. పైగా అది పెట్రోలులో సులభంగా కరగదు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు రోటరీ విమాన ఇంజన్లలో పెట్రోలు ఆవిరి నూనె ఉన్న గదిగుండానే సాగేది గనుక, కరిగిపోని ఆముదమే వాటికి తగిన కందెన అయింది. 1909లో లండన్‌లో వేక్‌ఫీల్డ్ సంస్థ తన నూనెకు పెట్టిన క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదపు ఆంగ్లనామం నుండి పుట్టినదే. ఆముదం సాగులో ముందు వరుసన నిలిచిన నాటి హైదరాబాద్ రాష్ట్రపు చెలకలకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధం ఉంది.

అయితే 1940 మోడల్ కార్లతో జనరల్ మోటార్స్ ప్రవేశపెట్టిన హైడ్రా-మాటిక్ వంటి ఆటోమేటిక్ గేరుపెట్టెలు నూనెకు కొత్త పని అప్పగించాయి. వాటిలోని క్లచ్ పలకలు నూనెలో తడుస్తూనే ఒకదానినొకటి పట్టుకోవాలి; అంటే నూనె పళ్లచక్రాల మధ్య జారుడునూ, పలకల మధ్య పట్టునూ ఒకేసారి ఇవ్వాలి. గేరు మెత్తగా మారడానికి తొలినాళ్లలో తిమింగలపు నూనెను కలిపేవారు. 1970లలో అమెరికాలో దానిపై నిషేధం రావడంతో రసాయన మిశ్రమాలు ఆ స్థానాన్ని తీసుకున్నాయి. సుమారు 402 మీటర్ల తిన్నని బాటపై క్షణాల్లో ముగిసే డ్రాగ్ పందేలలో మాత్రం మెత్తదనం కన్నా పట్టు ముఖ్యం కనుక, జారుడు పెంచే మిశ్రమాలు లేని ఫోర్డ్ టైప్ ఎఫ్ నూనెను పలువురు పందెగాళ్లు ఎంచుకున్నారు.

ఇరుసుకు మేలు చేసిన ఆముదం వేడికి బంకగా మారి పేరుకుంటుంది గనుక ఈ గేరుపెట్టెకు పనికిరాదు. పందెపు నూనె ఎడ్లబండి ఇరుసు మీద నిలవక కారిపోతుంది. ఎంత ఖరీదైనదని కాక, ఎక్కడ జారాలి, ఎక్కడ పట్టాలి అని చూసి ఎంచినదే మంచి కందెన.