శవం లేని సస్పెన్స్

కాలేజీ క్యాంపస్‌లో థ్రిల్లర్ అంటే మొదటి అధ్యాయంలోనే ఎవరో ఒకరు చావాలి. డొరొతీ ఎల్. సేయర్స్ 1935లో రాసిన 'గాడీ నైట్'లో హత్యే లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక చిన్న మహిళా కళాశాల. ష్రూస్‌బరీ అన్నది కల్పిత నామం. అక్కడ ఆకాశరామన్న ఉత్తరాలు వస్తుంటాయి, గోడల మీద రాతలు కనిపిస్తాయి, ఒక అధ్యాపకురాలి పుస్తకం ప్రూఫుల్ని ఎవరో పాడుచేస్తారు. అయినా అంత లావు నవలా ఊపిరి బిగబట్టి చదివిస్తుంది.

ఎందుకంటే అక్కడి అసలు భయం ఉత్తరాల గురించి కాదు, సంగతి బయటికి పొక్కుతుందేమోనని. అందుకే పోలీసుల్ని పిలవరు. డిటెక్టివ్ నవలలు రాసే పూర్వ విద్యార్థిని హారియెట్ వేన్‌ని గుట్టుగా రప్పిస్తారు. పెళ్ళి మానుకుని చదువులే లోకంగా బతికితే ఆడవాళ్ళకి ఇలాగే పిచ్చెక్కుతుందని జనం అనుకుంటారని వాళ్ళ బెంగ.

ఆ బెంగ ఉత్తినే పుట్టింది కాదు. సేయర్స్ 1912లో ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కాలేజీలో చేరి, 1915లో ఫస్ట్ క్లాసులో పాసయింది. పట్టా మాత్రం చేతికి రాలేదు. అప్పట్లో ఆడవాళ్ళు పరీక్షలు రాయొచ్చు, డిగ్రీ ఇవ్వరు. నియమం మారాక 1920లో పట్టా అందుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు. ఏడేళ్ళు తిరిగేసరికి యూనివర్సిటీ విద్యార్థినుల సంఖ్యకి పరిమితి పెట్టింది. అది 1957 దాకా పోలేదు. కేంబ్రిడ్జి అయితే 1948 వరకూ ఆడవాళ్ళకి పూర్తి స్థాయి డిగ్రీలే ఇవ్వలేదు. ఇచ్చిన చోటు మళ్ళీ లాక్కోరన్న భరోసా ఎక్కడుంది?

(నవల చదవబోయేవాళ్ళు ఇక్కడ ఆగిపోండి.) అధ్యాపకురాళ్ళు ఒకరినొకరు అనుమానించుకుంటూ ఉంటారు. చేసింది మాత్రం అక్కడ పనిచేసే ఆనీ. చరిత్రకారుడైన ఆమె భర్త తన వాదానికి అడ్డొచ్చిన ఆధారాన్ని దాచేశాడు. ఇప్పుడీ కాలేజీలో ఉన్న మిస్ డి వైన్ అప్పట్లో దాన్ని బయటపెట్టింది. అతను ఉద్యోగం పోగొట్టుకుని ఆత్మహత్య చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలతో ఆనీ మిగిలింది. ఎప్పుడో రాసిన ఒక కాగితం కోసం మనిషి బతుకు కూల్చేస్తారా అని అందరి ముందూ నిలదీస్తుంది.

సేయర్స్ సత్యం వైపే నిలబడింది. నేనూ అటే. కానీ అంత కష్టపడి సాధించుకున్న ఆ గోడల లోపల గదులు ఊడ్చే ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ చదువు మాట ఎవరూ ఎత్తరు. చివర్లో ఆనీని వైద్యులకి అప్పగిస్తారు. తమకి అంటగడతారేమోనని చదువుకున్నవాళ్ళు భయపడ్డ పిచ్చి, ఆఖరికి పనిమనిషి లెక్కలోకి వెళ్ళిపోయింది.