బొమ్మయే అక్షరమైన వేళ

1940వ సంవత్సరము జూన్ 2వ తేదీ, ఆదివారమునాడు, అమెరికాలోని కొన్ని వార్తాపత్రికలతోపాటు పదునారు పుటల రంగుల అనుబంధ మొకటి పాఠకుల యిండ్లకు చేరెను. అందు ‘ది స్పిరిట్’ అను ముసుగువీరుని కథకు బొమ్మయు మాటయు సమకూర్చిన విల్ ఐస్నర్, న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ పేటలో 1917లో పుట్టినవాడు. కథాశీర్షికలోని అక్షరములనే మేడలుగను గోడలుగను మలచి, వానిమీద వాననీరు జారునట్లు చిత్రించుట యాతని ప్రత్యేకత. ఆ దేశమున బొమ్మల కథకు స్వంత పుస్తకము, స్వంత విపణి యేర్పడినవి. తెలుగునాట నది వారపత్రికల పుటల నడుమ అద్దెకున్నది. అద్దెకున్నవాడు పలుయిండ్లు మారినట్లు మన బొమ్మల కళయు పలుచోట్లకు వ్యాపించినదనుటకు చిత్రకారుడు బాపు జీవితమే ప్రబల నిదర్శనము.

సత్తిరాజు లక్ష్మీనారాయణ అను నామధేయముతో 1933 డిసెంబరు 15న పశ్చిమగోదావరి జిల్లా నరసాపురమున జన్మించిన బాపు, మద్రాసులో చదువుకొనుచు ముళ్లపూడి వెంకటరమణతో స్నేహము కట్టెను. న్యాయపతి రాఘవరావు దంపతుల ‘బాల’ పత్రికతో పరిచయమైన ఆ బాలురిరువురు ఆపైని జీవితాంతము ఒకరు మాటగను ఒకరు బొమ్మగను మెలగిరి. 1955లో న్యాయశాస్త్రపట్టము పుచ్చుకొనియు నల్లకోటు తొడుగక, బాపు ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రములు గీయ నారంభించెను. మరుసటి యేట ఆ వారపత్రికలోనే ‘బుడుగు’ వెలువడెను. అల్లరిపిల్లవాని నోట రమణ పలికించిన తెలుగును బాపు గీత కంటికి కనబడునట్లు చేసెను. ఆ కథలోని బుడుగును, సీగానపెసూనాంబను, రెండుజెళ్ల సీతను తలచుకొన్నప్పుడు పాఠకునికి మాట ముందు తోచునో, మొగము ముందు తోచునో నిర్ణయించుట దుష్కరము.

ఆ గీతలోని మితవ్యయమునకు కాలము కూడ కొంత కారణమని చెప్పవలెను. వారపత్రిక లప్పుడు ముతక కాగితముమీద, జింకుదిమ్మలతో అచ్చగుచుండెను. సున్నితమైన నీడలు పూసినచో, సిరా పరచుకొని బొమ్మ మసియగును; కావున ఒక్క వంపులో నడుము, రెండు చుక్కలలో కోపము, జడకొసలో గర్వము పలికింపగల చేయి కావలసి వచ్చినది. పరిమితిని శైలిగా మార్చుకొనుటయే సమర్థుడైన చిత్రకారుని లక్షణము. బొమ్మ క్రింది మాటలను అచ్చుకూర్పునకు విడువక స్వహస్తముతో వ్రాయుటవలన ఆ దస్తూరియు బొమ్మలో భాగమైపోయెను. ఐస్నర్ అక్షరమును మేడగా నిలిపెను. బాపు దానిని నడిపించెను, ఊగించెను, నవ్వించెను. కాలక్రమమున ఆ దస్తూరి కంప్యూటరులోనికి ఫాంటుగా నెక్కి, తెలుగువారి పెండ్లిపత్రికల మీదను అంగడి పలకల మీదను కనబడసాగినది. తాము చదువుచున్నది ఒక వ్యంగ్యచిత్రకారుని చేవ్రాలని యెరుగనివారు కూడ దానిని చదువుచున్నారు.

1967లో ‘సాక్షి’తో చలనచిత్రములకు మరలినప్పుడును బాపు తన తొలివృత్తిని వీడలేదు. చిత్రీకరణకు ముందు దృశ్యములను వరుస గడులలో బొమ్మలుగా గీసికొను అలవాటు ఆతనికి కలదు. అనగా ప్రతి సినిమాయు తొలుత కాగితముమీద నొక బొమ్మల కథయే. 1971 నాటి ‘సంపూర్ణ రామాయణము’, 1975 నాటి ‘ముత్యాల ముగ్గు’ చూచినవారికి, కదలక నిలచిన యొక్కొక్క చట్రముగూడ పటము కట్టించుకొనదగినట్లుండుటకు మూలమిదియే యని తోచును.

బొమ్మకు వినోదమొక్కటియే ధర్మము కాదు. ఐస్నర్ సైన్యమున చేరిన పిదప, యంత్రముల నెట్లు కాపాడుకొనవలెనో సిపాయీలకు బొమ్మలకథలతో నేర్పెను. 1951లో మొదలైన ‘పీఎస్’ మాసపత్రికకు ఇరువదేండ్లపాటు ఆ పని చేసెను. బాపు రమణలు తెలుగు బడిపిల్లలకై వీడియో పాఠములు రూపొందించిరి. బొగ్గుగనుల ఊరైన మా గోదావరిఖనివారి కీ మాట ఇంకను దగ్గరిది. బాయి, అనగా గని, దిగు మనుష్యునికి రూఫ్ కూలునను హెచ్చరిక, సపోర్టు లేనిచోట నిలువరాదను నియమము చుట్టివ్రాసిన సర్క్యులరుకన్న ఒక బొమ్మవలన వేగముగ బోధపడును. సింగరేణి గనులలో ఏటేట జరుగు రక్షణ పక్షోత్సవములందు గోడలకెక్కు చిత్రముల విలువ యదియే. అక్షరములు రాని కార్మికునికి అవియే అక్షరములు.

1978లో ‘ఏ కాంట్రాక్ట్ విత్ గాడ్’ అను గ్రంథముతో ఐస్నర్ ఇరుకు వాడలలోని సామాన్యుల బ్రదుకును బొమ్మలకథకు వస్తువుగావించి, ఆ ప్రక్రియకు సాహిత్యగౌరవము సంపాదించెను. నేడు ఆతని పేర ఆ రంగమున పురస్కారములును కలవు. బాపునకు 2013లో పద్మశ్రీ లభించినది. మరుసటి యేడు ఆగస్టు 31న మద్రాసునందు ఆతడు దివంగతుడయ్యెను. గౌరవమునకు లోటు లేదు, లోటున్నది చరిత్రరచనయందు. బాపును చిత్రకారుడని ఒకరు, దర్శకుడని యొకరు, హాస్యగీతల కర్తయని వేరొకరు పంచుకొనుటచే, గీతతో కథ చెప్పిన వాడను మూలవిషయము మరుగుపడుచున్నది. మన గ్రంథాలయములలో పాత వారపత్రికల సంపుటములు చెదలకు చిక్కకముందే వానిలోని బొమ్మలకథలను తేదీల క్రమమున ఏర్చి కూర్చినచో, తెలుగువారికిని ఈ కళయందొక పరంపర కలదని నిరూపించుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు.