పేరు మారింది, చిట్టాలో మారలేదు

ఉబుంటులో కంప్యూటర్ పేరు మార్చాక సుడో కొడితే "అనేబుల్ టు రిజాల్వ్ హోస్ట్" అని వస్తది చూడండి, ఈ ఎపిసోడ్ దాని మీదే. ముందు మన జిల్లాల సంగతి చెప్తా, అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ఐదు జిల్లాలైంది. ఆగస్టులో వచ్చిన ముసాయిదాలో జనగామ పేరే లేదు, జనం రోడ్డెక్కి కొట్లాడి తెచ్చుకున్నరు. పేరైతే వచ్చింది గానీ, జేబులో ఉన్న ఆధార్ కార్డు మీద మాత్రం వరంగల్ అనే ఉంది. ఏటూరునాగారం వాళ్లదైతే ఇంకా చిత్రం. మొదట వరంగల్, తర్వాత జయశంకర్ భూపాలపల్లి, 2019లో ములుగు. మూడేళ్లలోపే మూడు జిల్లాల పేర్లు రాసుకున్నరు, ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు.

కంప్యూటర్ల లోకంలోనూ ఇదే తంటా వచ్చింది. 1970లలో ఇంటర్నెట్‌కు ముందు అర్పానెట్ ఉండేది. దాంట్లో ఏ పేరుకు ఏ నంబరో ఒక్క ఫైలులో రాసి పెట్టేవాళ్లు. కాలిఫోర్నియాలో ఎస్ఆర్ఐ అనే సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఆ చిట్టా చూసుకునేది. కొత్త మిషన్ పెడితే వాళ్లకు చెప్పాలి, వాళ్లు రాయాలి, మిగతా అందరూ ఆ ఫైలు మళ్లీ కాపీ చేసుకోవాలి. మిషన్లు పెరిగేకొద్దీ కాపీ చేసుకునేలోపే చిట్టా పాతబడేది. 1983లో పాల్ మాకపెట్రిస్ డీఎన్ఎస్ తెచ్చాడు. చిట్టా ఒక్కరి దగ్గర కాకుండా ఎవరి పేర్లు వాళ్లే చూసుకునే పద్ధతి అది.

మరి పాత ఫైలు పోయిందా? పోలేదు! మీ లినక్స్‌లో స్లాష్ ఈటీసీ స్లాష్ హోస్ట్స్ అంటే దాని వారసుడే. మామూలుగా డీఎన్ఎస్ కంటే ముందు దీన్నే అడుగుతది.

ఇప్పుడు మన ఎర్రర్‌కు వద్దాం. మీ కంప్యూటర్ పేరు వరంగల్ అనుకోండి. హోస్ట్‌నేమ్‌సీటీఎల్‌తో జనగామ అని మార్చారు. హోస్ట్స్ ఫైలులో 127.0.1.1 పక్కన ఇంకా వరంగల్ అనే ఉంది. సుడో "జనగామ ఎక్కడుంది" అని అడిగితే చిట్టాలో దొరకదు, డీఎన్ఎస్‌కూ తెలియదు. అందుకే ఒక్కోసారి కాసేపు ఆగి మరీ గొణుగుతది. గొణిగినా పని మాత్రం చేస్తది, భయపడకండి. సుడో నానో పెట్టి ఆ ఫైలు తెరవండి, ఆ లైనులో వరంగల్ తీసి జనగామ రాయండి, సేవ్ చేయండి. 127.0.0.1 లోకల్‌హోస్ట్ అన్న లైను జోలికి మాత్రం పోవద్దు. తర్వాత గెట్‌ఎంట్ హోస్ట్స్ జనగామ అని కొట్టండి, నంబరు వస్తే అయిపోయినట్టే.

పాత పేరుతో పిలిచే ప్రోగ్రాములు ఉంటే రెండు పేర్లూ ఒకే లైనులో ఉంచుకోవచ్చు. మహబూబాబాద్ అన్నా మానుకోట అన్నా బస్సు ఒక్క చోటికే పోతది కదా, అట్లనే.

అన్నట్టు, మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ఈ హోస్ట్స్ ఫైలు ఉంది. రూట్ చేయకుండా మార్చనియ్యదు, అంతే.