మాయామాళవగౌళలో మాయ ఎంత?

కర్ణాటక సంగీతం క్లాసులో చేరినవాళ్ళకి సరళీ స్వరాలతో పాటే పరిచయమయ్యే పేరు మాయామాళవగౌళ. అందులో ఆ మాయ ఏమిటని అడిగితే జవాబు వేదాంతంలో లేదు, లెక్కల్లో ఉంది. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతిలో మ అంటే 5, య అంటే 1. తిరగేసి చదివితే 15. అంటే 72 మేళకర్తల పట్టికలో ఈ రాగం ఇంటి నంబరు. అసలు పేరు మాళవగౌళ. హనుమతోడిలో హనుమంతుడూ అంతే: హ 8, న 0, కాబట్టి 8వ మేళం. ధీరశంకరాభరణంలో ధీర కూడా 29 మాత్రమే.

ఈ అంకెల వెనకున్న చరిత్రని పాఠాల్లో పెద్దగా చెప్పరు. మేళకర్తని జనకరాగం అనీ, దాన్నుంచి పుట్టినవి జన్యరాగాలనీ నేర్పుతారు. విన్నవాళ్ళకి ముందు 72 మంది తండ్రులున్నారనీ, తర్వాత పిల్లలు పుట్టారనీ అనిపిస్తుంది. జరిగింది దాదాపు తలకిందులు.

1550లో విజయనగరంలో, అళియ రామరాయల ప్రోత్సాహంతో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాశాడు. అప్పటికి జనం పాడుతున్న రాగాల్ని స్వరాలను బట్టి 20 మేళాల కింద సర్దాడు. మేళం అంటే అప్పుడు అంతే, ఒకే రకం స్వరాలు వాడే రాగాలన్నిటినీ పెట్టుకునే అర. ఆ అరకి అందులో బాగా పేరున్న రాగం పేరే పెట్టేవారు. మాళవగౌళ అలాంటిదే.

తర్వాతి శతాబ్దంలో తంజావూరు. విజయరాఘవ నాయకుడి కొలువులో వెంకటమఖి చతుర్దండి ప్రకాశిక రాస్తూ ఒక కొత్త ప్రశ్న వేసుకున్నాడు: ఉన్న మేళాలు సరే, అసలు ఎన్ని సాధ్యం? రిషభ గాంధారాల జతలు 6, ధైవత నిషాదాల జతలు 6, మధ్యమాలు 2. ఆరార్ల ముప్పై ఆరు, రెట్టింపు చేస్తే 72. చిన్నపిల్లలు కూడా వేయగల గుణకారమే గానీ, అడగాలని తట్టడంలోనే ఉంది గొప్పతనం. అయితే ఆయనే తన కాలంలో వాడుకలో ఉన్నవి 19 మాత్రమే అని లెక్క తేల్చాడు. మిగతా 53 ఖాళీ గళ్ళు.

ఆ 19లో భైరవి ఉంది, శ్రీరాగం ఉంది, కాంభోజి ఉంది. మూడూ మేళాలే. ఇవాళ ఏ పాఠ్యపుస్తకం తెరిచినా భైరవి నఠభైరవికి జన్యం, శ్రీ ఖరహరప్రియకి జన్యం, కాంభోజి హరికాంభోజికి జన్యం. మధ్యలో ఏమైంది? వెంకటమఖి తర్వాతివాళ్ళు 72 గళ్ళకీ పేర్లు పెట్టారు. మనం ఇప్పుడు వల్లెవేసే కనకాంగి జాబితా గోవిందుడి సంగ్రహ చూడామణిది. అందులో మేళకర్త కావాలంటే ఏడు స్వరాలూ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వరసగా రావాలి. శ్రీరాగం ఎక్కేటప్పుడు గాంధార ధైవతాల్ని వదిలేస్తుంది. కాంభోజి నిషాదాన్ని వదిలేస్తుంది. భైరవికి ఒక ధైవతం సరిపోదు, రెండు కావాలి. నిబంధనకి లొంగని పెద్దల్ని పక్కకి జరిపి, కొత్తవాళ్ళని తండ్రుల కుర్చీల్లో కూర్చోబెట్టారు. భైరవిలో నఠభైరవికి లేని చతుశ్రుతి ధైవతం ఉందే, అది ఏ తండ్రి పోలిక? దానికి భాషాంగం అని ఒక పేరుంది. పేరు పెట్టినంత మాత్రాన వంశవృక్షం చిక్కు వీడదు.

అందరూ ఈ మార్పుకి ఒప్పుకోలేదు. ముత్తుస్వామి దీక్షితుల కుటుంబానికి చెందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి సంగీత సంప్రదాయ ప్రదర్శిని ప్రచురించారు. ఊరు తమిళదేశంలో, పుస్తకం తెలుగులో. అందులో మేళకర్త అన్న మాటకి బదులు రాగాంగ రాగం అంటారు, 22వ స్థానంలో శ్రీరాగమే కూర్చుని ఉంటుంది. శ్రీలో ర, రాగలో ర, రెండూ రెండే, లెక్క కుదిరింది.

అన్నట్టు, నఠభైరవిని చాలామంది నటభైరవి అని రాస్తుంటారు. న అంటే 0, ఠ అంటే 2, కాబట్టి 20. ఒత్తు తీసేస్తే ట అంటే 1, రాగం 10వ ఇంట్లో తేలుతుంది. అక్కడ ఇప్పటికే నాటకప్రియ కాపురం ఉంటోంది.