ఇంజిన్‌ను తెగ రైజ్ చేస్తే పవర్ పెరుగుతుందా.. బోర్‌కి వస్తుందా? కారున్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన విషయం!

పొద్దున్నే కారు స్టార్ట్ చేయగానే రెండు మూడు సార్లు గట్టిగా రైజ్ చేయడం కొందరికి అలవాటు. ఇంకొందరైతే ఆర్‌పీఎం మీటర్‌లో ముల్లు 3 దాటితే చాలు, ఇంజిన్ పాడైపోతుందని భయపడతారు. నిజానికి ఈ రెండూ తప్పే. ఎక్కువ ఆర్‌పీఎం ఒక్కటే ఇంజిన్‌ను చంపదు. ఏ టైమ్‌లో రైజ్ చేస్తున్నారన్నదే అసలు పాయింట్.

పవర్ లెక్క ఇదీ..

క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే ఆర్‌పీఎం. దాన్ని తిప్పే బలం టార్క్. ఈ రెండూ కలిస్తేనే పవర్. ఉదాహరణకు 2018లో వచ్చిన మారుతి స్విఫ్ట్ 1.2 పెట్రోల్ ఇంజిన్‌నే తీసుకుందాం. దీని గరిష్ఠ టార్క్ 113 ఎన్‌ఎం, అది 4200 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. అక్కడ పవర్ సుమారు 68 పీఎస్. 6000కి వెళ్లేసరికి టార్క్ 97 ఎన్‌ఎంకి పడిపోయినా, పవర్ మాత్రం గరిష్ఠంగా 83 పీఎస్‌కు చేరుతుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా సౌండ్ పెరుగుతుందే తప్ప పవర్ పెరగదు.

అదే కారు 1.3 డీజిల్‌లో అయితే 4000 దగ్గరే గరిష్ఠ పవర్ 75 పీఎస్ వచ్చేస్తుంది. అందుకే డీజిల్ బండిని పెట్రోల్ బండిలా రైజ్ చేయడం వల్ల లాభం లేదు.

ఇంజిన్ లోపల ఏం జరుగుతుంది?

3000 ఆర్‌పీఎం అంటే పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకీ కిందకీ వెళ్లొస్తుంది. ఆర్‌పీఎం రెట్టింపైతే పిస్టన్, కనెక్టింగ్ రాడ్‌పై పడే కుదుపు బలం నాలుగు రెట్లవుతుంది. రెడ్‌లైన్ పెట్టేది అందుకే.

1999లో వచ్చిన హోండా ఎస్2000 రెడ్‌లైన్ ఏకంగా 9000. దాన్ని తట్టుకునేలానే ఆ 2 లీటర్ల ఇంజిన్‌ను డిజైన్ చేశారు. 2004 మోడల్‌లో అమెరికాకు 2.2 లీటర్ల ఇంజిన్ ఇచ్చారు. పిస్టన్ కదిలే దూరం 84 నుంచి 90.7 మిల్లీమీటర్లకు పెరిగింది. దాంతో రెడ్‌లైన్‌ను 8000కి తగ్గించారు.

అసలు డేంజర్ ఎప్పుడంటే..

* ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు: ఆయిల్ చిక్కగా ఉంటుంది. అప్పుడు గట్టిగా రైజ్ చేస్తే అరుగుదల ఎక్కువ. మొదటి కొన్ని నిమిషాలు మెల్లగా నడపడమే మంచిది.
* ఆయిల్ తక్కువగా ఉన్నప్పుడు: బేరింగ్‌లకు ఆయిల్ అందకపోతే ఇంజిన్ పట్టేస్తుంది. ఆయిల్ లైట్ వెలిగితే వెంటనే పక్కకు ఆపి ఆఫ్ చేయాలి.
* పొరపాటున కింది గేర్ పడినప్పుడు: స్పీడ్‌లో ఐదు నుంచి నాలుగుకి బదులు రెండో గేర్ పడితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పేస్తాయి. రెవ్ లిమిటర్ ఫ్యుయెల్‌ను ఆపగలదు కానీ దీన్ని ఆపలేదు. వాల్వ్‌లు పిస్టన్‌కు తగిలి వంగిపోయే ప్రమాదం ఉంది.
* టర్బో కారును గట్టిగా నడిపి వెంటనే ఆపినప్పుడు: కాసేపు ఐడిల్‌లో ఉంచి ఆఫ్ చేస్తే టర్బో చల్లబడుతుంది.

మరీ తక్కువైనా ముప్పే!

ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు టాప్ గేర్‌లో ఉంచి, 1200 ఆర్‌పీఎం దగ్గర ఎక్సలేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ మూలుగుతుంది. బేరింగ్‌లపై భారం పడుతుంది. గేర్ తగ్గించి ఆర్‌పీఎం పెంచడమే ఇంజిన్‌కు హాయి. దిగేటప్పుడు కూడా అంతే.. కింది గేర్‌లో ముల్లు 3000, 4000 చూపించినా కంగారు అక్కర్లేదు. ఆ టైమ్‌లో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కి ఫెయిలయ్యే ముప్పు తగ్గుతుంది.

హైవేపై లారీని ఓవర్‌టేక్ చేయాలన్నా అంతే. ఇంజిన్ వేడెక్కి, ఆయిల్ సరిగ్గా ఉంటే ఒక గేర్ తగ్గించి రెడ్‌లైన్ లోపు ఎంత కావాలంటే అంత వాడుకోవచ్చు. ఎదురుగా బండి వస్తున్నప్పుడు ముల్లు చూసి భయపడి ఎక్సలేటర్ వదిలేయడమే అసలు ప్రమాదం.